చేతికి మసి అంటితే చదువు చెడుతుందా?

మన హాస్టల్లో ఉన్న చాలామంది ఇంటి నుంచి బయల్దేరేటప్పుడు విన్న మాట ఒక్కటే. "బాగా చదువుకో నాయనా, మాలాగా చేతులు కాయలు కాయించుకోవద్దు." ఆ మాటలో మన తల్లిదండ్రుల కష్టం ఉంది, ఆశ ఉంది. కానీ ఏళ్ళ తరబడి ఆ మాట వింటూ పెరిగిన మనం దానికి వేరే అర్థం తీసుకున్నాం. చేతి పని తెలివి లేనివాళ్ళది, పుస్తకం పని తెలివైనవాళ్ళది అనుకుంటున్నాం. ఇది సరికాదని నా అభిప్రాయం. ఈ విషయాన్ని పెద్ద పెద్ద సిద్ధాంతాలతో కాకుండా ఒక చిన్న పనిని ఆధారం చేసుకుని చెబుతాను. కారుకు స్పార్క్ ప్లగ్గులు ఇంటి దగ్గరే మార్చుకోవడం ఆ పని.

మనకు కార్లెక్కడివి అని నవ్వకండి. మా నాన్న డ్రైవరు. ఐదో తరగతితో బడి మానేశాడు. ఇరవై ఏళ్ళకు పైగా ఇతరుల కార్లు నడుపుతున్నాడు. మా ఇంట్లో డిగ్రీ పూర్తి చేసిన మొదటివాణ్ణి నేను. ఇప్పుడు ఎం.ఎస్సీ. ఫిజిక్సు చదువుతున్నాను. నాన్న పనిచేసే ఇంట్లో పాత మారుతి 800 ఉంది. 1983 డిసెంబరులో రోడ్డెక్కిన ఆ మోడలు తయారీ 2014 జనవరిలో ఆగిపోయింది. ఆ ఇంటి బండికి ప్లగ్గులు మార్చేది నాన్నే. సెలవుల్లో పక్కన కూర్చుని ఆ పని నేనూ నేర్చుకున్నాను.

పెట్రోలు ఇంజనులో గాలి, పెట్రోలు కలిసిన మిశ్రమాన్ని పిస్టన్ అదిమినప్పుడు దానికి నిప్పు అంటించేది స్పార్క్ ప్లగ్గు. మారుతి 800కు మూడు సిలిండర్లు, మూడు ప్లగ్గులు. ఇంజను నిమిషానికి 3000 చుట్లు తిరుగుతుంటే ఒక్కో ప్లగ్గు 1500 సార్లు, అంటే సెకనుకు 25 సార్లు రవ్వ కొట్టాలి. బ్యాటరీ ఇచ్చేది 12 వోల్టులే. ప్లగ్గు కొనలో ఉండే సన్నటి సందును రవ్వ దాటాలంటే వేల వోల్టులు కావాలి. ఆ వోల్టులు పుట్టించేది ఇగ్నిషన్ కాయిల్. మనం ఇంటర్లో బట్టీపట్టే విద్యుదయస్కాంత ప్రేరణ అక్కడ కళ్ళ ముందు పనిచేస్తూ ఉంటుంది. దాన్ని 1831లో కనిపెట్టిన మైకేల్ ఫారడే ఒక కమ్మరి కొడుకు. పెద్దగా బడి చదువు లేదు. పుస్తకాలకు అట్టలు కట్టే దుకాణంలో పని నేర్చుకుంటూ, అక్కడికి వచ్చిన పుస్తకాలు చదువుతూ శాస్త్రవేత్త అయ్యాడు. చెయ్యీ బుర్రా రెండూ పనిచేస్తే ఏమవుతుందో చెప్పడానికి అంతకంటే ఉదాహరణ ఏం కావాలి?

ఇక పని సంగతి. ఇంజను పూర్తిగా చల్లారాలి. వేడి మీద ఉన్న అల్యూమినియం హెడ్డులో ప్లగ్గు తిప్పితే మరలు చెడిపోతాయి. తాళంచెవి తీసి జేబులో వేసుకోవాలి. ప్లగ్గు చుట్టూ ఉన్న దుమ్ము ముందే ఊదెయ్యాలి, లేకపోతే అది సిలిండరులో పడుతుంది. వైర్లన్నీ ఒకేసారి పీకకూడదు. ఒకటి తీసి, ఆ ప్లగ్గు మార్చి, వైరు తిరిగి పెట్టాకే రెండోదాని జోలికి పోవాలి. వైర్లు తారుమారైతే రవ్వ పడాల్సిన వేళ తప్పుతుంది. కొత్త ప్లగ్గు సందును కారుతో ఇచ్చిన పుస్తకంలోని కొలతతో ఫీలర్ గేజి పెట్టి సరిచూసుకోవాలి. ప్లగ్గును మొదట పానాతో కాకుండా వేళ్ళతోనే తిప్పాలి. వేళ్ళకు అడ్డు తగిలిందంటే మర తప్పిందని అర్థం. వెనక్కి తిప్పి మళ్ళీ మొదలుపెట్టాలి. వేళ్ళతో పూర్తిగా కూర్చున్నాక, వాషరు ఉన్న కొత్త ప్లగ్గు అయితే పానాతో అర చుట్టు నుంచి ముప్పాతిక చుట్టు లోపు బిగిస్తే చాలు. "బలం చూపించే చోటు కాదురా ఇది" అంటాడు నాన్న.

తీసిన పాత ప్లగ్గు పారెయ్యడానికి ముందు దాన్ని చదవాలి. అవును, చదవడమే! కొన లేత గోధుమ రంగులో ఉంటే ఇంజను ఆరోగ్యంగా ఉన్నట్టు. పొడి మసి నల్లగా పట్టి ఉంటే పెట్రోలు ఎక్కువ, గాలి తక్కువ అవుతున్నట్టు. ఎయిర్ ఫిల్టరు మూసుకుపోయిందేమో చూడాలి. నూనె జిడ్డు ఉంటే ఇంజనాయిలు సిలిండరులోకి దిగుతోందని అనుమానించాలి. తెల్లగా కాలి పొక్కులు కట్టి ఉంటే ఇంజను మితిమీరి వేడెక్కుతున్నట్టు. డాక్టరు నాలుక చూసినట్టు నాన్న ప్లగ్గు చూస్తాడు. ఇది చదువు కాదా?

ఒకసారి ఆ కారు మిస్ కొడుతూ జర్కులిస్తుంటే, ఒక వర్క్‌షాపువాళ్ళు ఇంజను విప్పాలని పెద్ద మొత్తం అంచనా రాసి ఇచ్చారు. ప్లగ్గు పోయి ఉంటుందని నాన్న ముందే చెప్పాడు. యజమాని నమ్మలేదు. ఒక్కరోజు గడువు అడిగి నాన్న మూడు ప్లగ్గులూ విప్పాడు. ఒకదాని పింగాణీ చిట్లి ఉంది. కొన్ని వందల రూపాయల ప్లగ్గులతో బండి బాగుపడింది. ఆ పూట అందరూ డబ్బు మిగిలిందని సంతోషించారు. నాకు మాత్రం వేరే ప్రశ్న మిగిలింది. అచ్చు కాగితం మీద వచ్చిన మాటను నమ్మినంత తేలిగ్గా, ఇరవై ఏళ్ళుగా ఆ బండి గొంతు వింటున్న మనిషి మాటను ఎందుకు నమ్మలేదు? చదువుకున్న మనం కూడా మన ఇళ్ళలో ఇలాగే చేయడం లేదా?

ఇక్కడ కొందరు మిత్రులు నాతో గట్టిగా వాదిస్తారు. "తరతరాలుగా మనవాళ్ళను చేతి పనికే కట్టేశారు. ఇప్పుడిప్పుడే పుస్తకం పట్టుకున్నాం. మళ్ళీ పానా పట్టుకోమంటావా? ముందు పెద్దోళ్ళ పిల్లల్ని పట్టుకోమను" అంటారు. ఈ వాదనలో నిజం ఉంది. 1953లో మద్రాసు రాష్ట్రంలో రాజాజీ ప్రభుత్వం ప్రాథమిక బడి వేళలు తగ్గించి, మిగిలిన సమయంలో పిల్లలు ఇంటి వృత్తి నేర్చుకోవాలనే పథకం తెచ్చింది. అది పిల్లల్ని తిరిగి కులవృత్తికి కట్టెయ్యడమేనని పెరియార్ వంటివారు ఉద్యమించారు. 1954లో కామరాజ్ ముఖ్యమంత్రి అయ్యాక అది రద్దయింది. రద్దు కావలసిందే. పుట్టుకను బట్టి పని కేటాయించడాన్ని డాక్టర్ అంబేద్కర్ 1936 నాటి 'కుల నిర్మూలన'లో ఖండించింది ఇందుకే. బడి గంటలు కోసి పని చేయించడం, హాస్టలు పిల్లల చేత గదులు ఊడిపించి "శ్రమ గౌరవం" అని పేరు పెట్టడం, వీటిని నేనూ వ్యతిరేకిస్తాను.

కానీ నేను చెప్పేది వేరు. పుస్తకం బదులు పానా పట్టమనడం లేదు. పుస్తకం చేతిలో ఉండగానే పానా కూడా పట్టమంటున్నాను. బలవంతంగా చేసే పనికీ, తెలుసుకోవాలని చేసే పనికీ నేలకూ నింగికీ ఉన్నంత తేడా ఉంది. పైగా ఈ పనిని చిన్నచూపు చూడటం కూడా కులం నేర్పిన పాఠమే. మనల్ని తక్కువ చేసిన ఆ చూపుతోనే మనం మన నాన్నలను, ఐటీఐలో చేరిన మన స్నేహితులను చూస్తే, చదువుకుని గెలిచిందేమిటి?

ఎలక్ట్రిక్ కార్లకు ప్లగ్గులే ఉండవు కదా, ఈ పని ఎన్నాళ్ళు అని అడగవచ్చు. నిజమే. కొత్త పెట్రోలు కార్లలో కూడా చాలావాటికి ప్లగ్గు ప్లగ్గుకూ విడి కాయిల్ ఉంటుంది. కొన్నింటిలో పైనున్న భాగాలు విప్పితే గాని ప్లగ్గు అందదు. ఇరీడియం ప్లగ్గు కొనను గీకకూడదు. అలాంటిచోట తెలిసిన మెకానిక్కుకే అప్పగించాలి. కానీ ఓపికగా విప్పడం, వరస తప్పకుండా బిగించడం, గుర్తులు చూసి కారణం పట్టుకోవడం ఏ యంత్రం వచ్చినా పనికొస్తాయి.

అందుకే మన హాస్టలుకు నాదొక సూచన. నెలకొక ఆదివారం "పని పాఠం" పెట్టుకుందాం. డ్రైవరు, మేస్త్రి, ఎలక్ట్రీషియన్, టైలరు, ఇలా మన అమ్మానాన్నల్లో ఒకరిని పిలుద్దాం. లెక్చరరుకు వేసినట్టే కుర్చీ వేద్దాం, ఇచ్చినట్టే గౌరవ వేతనం ఇద్దాం. ఒక ప్లగ్గు పానా, ఒక ఫీలర్ గేజి, ఒక టెస్టరు ఉన్న పెట్టె కొనుక్కుందాం. బాలికల హాస్టల్లో కూడా ఇదే పెట్టె, ఇవే పాఠాలు ఉండాలి. ఇష్టమున్నవాళ్ళే రావాలి, చదువు గంట ఒక్కటి కూడా పోకూడదు.

తమ్ముళ్ళారా, చెల్లెళ్ళారా! మీరు ఇంజనీర్లు కండి, కలెక్టర్లు కండి, ప్రొఫెసర్లు కండి. మసి సబ్బుతో కడిగితే పోతుంది. కన్నవాళ్ళ పనిని చూసి సిగ్గుపడే అలవాటు మాత్రం ఎంత పెద్ద పట్టా వచ్చినా దానంతటది పోదు. దాన్ని మనమే వదిలించుకోవాలి.