బల్ల ఎత్తు ఎవరి కొలత?

ఫర్నిచర్ తయారయ్యే చోట ఒక విచిత్రం కనిపిస్తుంది. కొనేవాళ్ల సుఖం కోసం కుర్చీ ఎత్తు, సోఫా వాలు కొలిచి మరీ చేస్తారు. వాటిని చేసే స్త్రీ మాత్రం తన ఒంటికి సరిపడని బల్ల ముందు రోజంతా నిలబడుతుంది. ఆమె కొలత ఎవరికీ అక్కరలేదు.

ఈ షెడ్లలో కోత యంత్రాలు సాధారణంగా మగవాళ్ల చేతుల్లో ఉంటాయి. గరుకు కాగితంతో రుద్దడం, పాలిష్ పెట్టడం, కుషన్లు కుట్టడం, ప్యాకింగు వంటివి ఆడవాళ్లకు వస్తాయి. వాటికి "తేలిక పని" అని పేరు, కూలి కూడా తక్కువే. బల్లలు మాత్రం మగ వడ్రంగుల ఎత్తుకు చేసినవి. మన దేశంలో స్త్రీలు పురుషుల కన్నా సగటున సుమారు 12 సెంటీమీటర్లు పొట్టి.

లెక్క చూద్దాం. 152 సెంటీమీటర్ల ఎత్తున్న స్త్రీ నిలబడితే ఆమె మోచేయి నేలకు సుమారు 95 సెంటీమీటర్ల ఎత్తులో ఉంటుంది. తేలికగా బిగించే పని మోచేతికి 5 నుంచి 10 సెంటీమీటర్లు కిందుగా ఉండాలి. బలంపెట్టి రుద్దే పని ఇంకా కిందుగా, సుమారు 20 సెంటీమీటర్ల దిగువన ఉండాలి. అప్పుడే ఒంటి బరువు చేతికి సాయపడుతుంది. 85 సెంటీమీటర్ల బల్ల మీద 30 సెంటీమీటర్ల సొరుగు పెట్టె పెడితే, దాని పైభాగం రుద్దే చెయ్యి 115 సెంటీమీటర్ల ఎత్తులో ఆడాలి. భారమంతా భుజాల మీద, మెడ మీద పడుతుంది. కాబట్టి చూడవలసింది బల్ల ఎత్తు ఒక్కటే కాదు, చెయ్యి ఆడే చోటు ఎత్తు.

నేను వెళ్లిన ఒక షెడ్డులో పొట్టిగా ఉన్న స్త్రీలు ఇటుకల మీద నిలబడి పనిచేస్తున్నారు. "దిగేటప్పుడు కాలు మడతపడుతుంది అక్కా, అయినా దిగకపోతే పీసులు కావు" అంది ఒకామె. నొప్పి గురించి అడిగితే మేస్త్రీ జవాబు సిద్ధంగా ఉంది: "ఆడవాళ్లకు నడుంనొప్పులు మామూలేగా." కాన్పులు, వయసు, ఇంటిచాకిరీ అన్నీ కారణాలే, బల్ల తప్ప! పీసు రేటు మీద బతికే మనిషికి నొప్పి వస్తే చెయ్యి నెమ్మదిస్తుంది, కూలి తగ్గుతుంది. మందుల ఖర్చు కూడా ఆమెదే. యజమాని బల్ల మీద మిగుల్చుకున్న డబ్బు ఆమె ఒంట్లోంచి వచ్చిందే.

"ఒక్కొక్కరికీ ఒక్కో బల్ల ఎక్కడ చేయిస్తాం?" అంటారు యజమానులు. ఎవరూ అలా అడగడం లేదు. ఎత్తు మార్చుకునే కాళ్లు పెట్టొచ్చు. లేదా పొడుగువాళ్లకు సరిపడే బల్ల చేసి, మిగతావాళ్లకు జారని వెడల్పాటి చెక్క వేదికలు వేయొచ్చు. సగటు మనిషి కోసం చేసిన బల్ల పొడుగువాళ్లకూ సరిపోదు, పొట్టివాళ్లకూ సరిపోదు. కొలతలు లేవన్న సాకు కూడా చెల్లదు. భారతీయ స్త్రీ పురుషుల శరీర కొలతలతో దేబ్‌కుమార్ చక్రబర్తి రాసిన పుస్తకాన్ని అహ్మదాబాద్‌లోని నేషనల్ ఇన్‌స్టిట్యూట్ ఆఫ్ డిజైన్ 1997లోనే ప్రచురించింది. పైగా బల్లలు చేయడమే వృత్తిగా ఉన్నచోట బల్ల మార్చలేమంటే ఎవరు నమ్ముతారు?

నిలబడి పనిచేసేవాళ్లకు కూర్చునే ఏర్పాటు ఉండాలని 1948 ఫ్యాక్టరీల చట్టంలోని 44వ సెక్షన్ చెప్పింది. దాని స్థానంలో 2025 నవంబరు 21న అమలులోకి వచ్చిన కోడ్‌లోనూ ఆ నిబంధన ఉంది. కానీ పదిమంది లోపు పనిచేసే చిన్న షెడ్లకు అది అందదు. కేరళలో బట్టల దుకాణాల స్త్రీలు ఏళ్లతరబడి పోరాడి 2018లో కూర్చునే హక్కును చట్టంలోకి ఎక్కించారు. తమిళనాడు 2021లో అదే దారి పట్టింది. అడగనిదే చట్టం కదలదని ఆ స్త్రీలు చూపించారు.

ఇక్కడ ఒక జాగ్రత్త అవసరం. కొలతలు తీసుకున్నాక "పొట్టివాళ్లు మాకొద్దు" అనే వీలు యజమానికి ఇవ్వకూడదు. కొలత బల్లను మార్చడానికే గానీ మనిషిని ఏరివేయడానికి కాదు. టేపు మగ సూపర్‌వైజరు చేతిలో ఉండకూడదు. స్త్రీలే, ఒకరికొకరు, ఇష్టపూర్వకంగా కొలుచుకోవాలి. ఆ కాగితం సంఘం దగ్గర ఉండాలి.

కూలి రేట్ల గురించి మాట్లాడేటప్పుడు మన డిమాండ్ల పత్రంలో మోచేతి ఎత్తు, కూర్చోవడానికి స్టూలు, నొప్పి వస్తే కూలి పోకుండా విరామం కూడా రాయాలి. ఇది యజమాని దయ కాదు. పనిచేసే ఒళ్లు చెడకుండా ఇంటికి తిరిగి వెళ్లడం మన హక్కు.