సీటొచ్చింది సరే, మొదటి సెమిస్టర్ దాటించేదెవరు?

దోస్త్‌లో సీటు వచ్చిన రోజు తండాలో పండుగే. ఫ్లెక్సీ కడతాం, శాలువా కప్పుతాం, ఫొటోలు వాట్సాప్‌లో తిప్పుతాం. సంక్రాంతి నాటికి అదే పిల్లవాడు పత్తి చేనులోనో, హైదరాబాద్‌లో ఏదో గోదాములోనో కనబడితే మాత్రం "మనోళ్లకు పెద్ద చదువు అచ్చిరాదు" అని ఒక్క మాటతో చేతులు దులుపుకుంటాం. ఆ మాట అబద్ధం. అబద్ధమని గట్టిగా చెప్పాల్సింది మనమే.

సీట్లకు ఇప్పుడు మునుపటంత కరువు లేదు. 2022లో తెలంగాణలో గిరిజన రిజర్వేషన్ 6 నుంచి 10 శాతానికి పెరిగింది. ములుగులో సమ్మక్క సారక్క కేంద్రీయ గిరిజన విశ్వవిద్యాలయానికి 2023లో పార్లమెంటు చట్టం చేసింది. ఎంతమంది చేరారో అందరూ చెబుతారు. ఎంతమంది నిలిచారో చెప్పేవాళ్లు ఏరి?

స్టేషన్ ఘనపూర్ చుట్టూ ఉన్న తండాల పిల్లలు జనగామకో హన్మకొండకో పోతారు. ములుగు ఘనపూర్ వైపు వాళ్లు భూపాలపల్లికో వరంగల్‌కో పోతారు. వీళ్లలో చాలామంది గురుకులంలోనో ఆశ్రమ పాఠశాలలోనో చదివినవాళ్లే. అక్కడ లేవడానికి గంట, తినడానికి గంట, చదవడానికి గంట. కాలేజీలో ఆ గంట లేదు. క్లాసుకు రాకపోతే అడిగేవాళ్లు లేరు. గంట కొడితేనే కదలడం నేర్పి, గంట లేని చోటికి పంపి, "వీడికి బాధ్యత లేదు" అంటే ఎట్లా?

ఇంట్లో గోర్ బోలీ లేదా కోయ, బడిలో తెలుగు, కాలేజీలో ఇంగ్లీషు. అకౌంట్స్ పాఠాన్ని మూడో భాషలో వింటున్న పిల్ల మొద్దు కాదు. "అర్థమైందా?" అని లెక్చరర్ అడిగితే సిగ్గుతో "అయ్యింది సార్" అంటుంది. ఆ ఒక్క మాట నమ్మి ముందుకు పోవడం బోధన కాదు.

ఇక డబ్బు సంగతి. గది కిరాయి నెల మొదట్లోనే కట్టాలి, స్కాలర్‌షిప్ ఎప్పుడో వస్తుంది. పత్తి ఏరే రోజుల్లో ఇంటికి పోతే హాజరు తగ్గుతుంది. 75 శాతం లేకపోతే స్కాలర్‌షిప్ ఆగుతుంది. అది ఆగితే కాలేజీ ఫీజు కట్టమంటుంది. కట్టలేని పిల్లవాడు ఇల్లు చేరతాడు. ఇందులో తెలివి తక్కువతనం ఎక్కడుంది?

2023 ఫిబ్రవరిలో వరంగల్ కాకతీయ మెడికల్ కాలేజీలో పీజీ మొదటి సంవత్సరం చదువుతున్న జనగామ జిల్లా గిరిజన బిడ్డ చనిపోయింది. వేధింపుల ఆరోపణలపై కేసు నమోదైంది. అప్పటికే ఆమె డాక్టరు. చదువు రాకనే మన పిల్లలు ఓడిపోతున్నారనే వాళ్లు దీనికేం జవాబు చెబుతారు?

ఏడాదికోసారి మోటివేషన్ స్పీకర్‌ను పిలిచి "టైం మేనేజ్‌మెంట్ నేర్చుకోండి, కలలు కనండి" అనిపిస్తే సరిపోదు. కలలకు కొదవ లేదు. కిరాయికి, భాషకు, తోడుకే కొదవ.

గురుకులం సార్లూ, టీచర్లూ! ఇంటర్ రెండో ఏడాదిలోనే పిల్లలకు గంట లేకుండా చదవడం అలవాటు చేయండి. డిగ్రీలో చేరాక మొదటి ఆరు నెలలు నెలకోసారి ఫోన్ చేయండి. కాలేజీలు మూడో సెమిస్టర్‌లో ఎంతమంది గిరిజన విద్యార్థులు మిగిలారో నోటీసు బోర్డు మీద పెట్టాలి. పెట్టకపోతే విద్యార్థి సంఘాలు అడగాలి. ఫ్లెక్సీకి పోగుచేసే డబ్బును తండా పెద్దలు మొదటి రెండు నెలల కిరాయికి ఇవ్వాలి.

తమ్ముళ్లూ, చెల్లెళ్లూ! ఒక పేపర్ తప్పితే చదువు పోయినట్టు కాదు. సెమిస్టర్ పద్ధతిలో బ్యాక్‌లాగ్ మళ్లీ రాసుకోవచ్చు. ఈ సంగతి తెలియకనే బ్యాగు సర్దుకున్నవాళ్లున్నారు. ఈపాస్ దరఖాస్తు, ఆధార్‌కు లింకైన బ్యాంకు ఖాతా, కుల, ఆదాయ పత్రాలు మొదటి నెలలోనే చూసుకోండి. అర్థం కాని పాఠాన్ని అర్థం కాలేదనే చెప్పండి. అడగడం బిచ్చం కాదు, ఆ సీటు మీది. మీకంటే ముందు డిగ్రీ దాటిన అన్ననో అక్కనో వెతికి పట్టుకోండి.

దాటినవాళ్లారా, మీరు వెతికించుకోకండి. మీరే పోయి పలకరించండి. వచ్చే జూన్‌లో ఫ్లెక్సీ కడితే కట్టండి గానీ, డిసెంబరులో ఆ పిల్ల గది తలుపు తట్టేది ఎవరో ఇప్పుడే తేల్చుకోండి.