ఇద్దరు బావగార్లు, ఒక మిస్సమ్మ

జగ్గయ్యపేట బావగారికీ నందిగామ బావగారికీ కట్నం దగ్గర పేచీ రాలేదు. పెట్టుపోతల దగ్గరా రాలేదు. వియ్యమందిన ఇరవై రెండేళ్లలో వాళ్లిద్దరూ మాటామాటా అనుకున్నది ఒక్క విషయంలోనే. తెలుగు సినిమాకు స్వర్ణయుగం ఏ పదేళ్లు? పేటాయన రిటైరైన బడిపంతులు, ఆయన ఓటు యాభైలకి. నందిగామాయనది ఎరువుల కొట్టు, ఆయన డెబ్భైల మనిషి.

ఆ ఆదివారం గొడవ మళ్లీ రాజుకోవడానికి కారణం ఉంది. పేటాయన భార్యకు రెండో కంటికి కూడా శుక్లం ఆపరేషన్ అయింది. కొత్త కళ్లజోడు వచ్చింది. నాలుగేళ్లుగా టీవీని వినడమే తప్ప చూడలేకపోయిన మనిషి. ఇక తనివితీరా ఒక సినిమా చూపించాలని మనవరాలు టీవీకి ఫోను తగిలించి, ‘ఏం పెట్టమంటారు?’ అంది. అడగకూడని వాళ్లని అడిగింది.

‘ఇందులో అడగటానికేముంది? మాయాబజార్’ అన్నారు పేటాయన.

1957లో ఆ సినిమా వచ్చినప్పుడు ఆయనకు పదకొండేళ్లు. పాండవులు ఒక్కసారి కూడా కనిపించకుండా పాండవుల ఇంటి పెళ్లి కథ చెప్పిన ఘనత కె.వి.రెడ్డిదీ, పింగళి నాగేంద్రరావుదీ అని ఆయన బడిలో కూడా పాఠంలా చెప్పేవారట. ఆయన లెక్క మొదలయ్యేది 1951 నుంచి. ఒకే ఏడాదిలో పాతాళభైరవి, మల్లీశ్వరి. 1953లో దేవదాసు. 1955లో మిస్సమ్మ, రోజులు మారాయి. ‘బావగారూ, ఆ రోజుల్లో కథ పూర్తిగా కుదిరాకే కెమెరా తీసేవాళ్లు. రచయితా, దర్శకుడూ నెలల తరబడి ఒకచోట కూర్చునేవాళ్లు. విజయా వాళ్లయితే నటులకు నెలజీతాలిచ్చి పెట్టుకున్నారు. అప్పుడు మీరు పాలు తాగుతున్నారు, మీకేం తెలుస్తుంది?’

నందిగామాయన తగ్గే రకం కాదు. ‘మీ మాయాబజార్ వాహినీ సెట్టులో మెరిసింది. మా అల్లూరి సీతారామరాజు అడవికి పోయి సినిమాస్కోపులో తీశాడు, 1974లో. దర్శకుడు రామచంద్రరావు మధ్యలో చనిపోతే కృష్ణ దగ్గరుండి పూర్తి చేయించాడు. 1975లో ముత్యాలముగ్గు. 1977లో దానవీరశూరకర్ణ. మూడు వేషాలూ వేసి, దర్శకత్వమూ చేసి, దాదాపు నాలుగు గంటలు జనాన్ని కుర్చీల్లోంచి లేవనీయలేదు రామారావు. శంకరాభరణం సంగతి ఇక చెప్పనే అక్కర్లేదు!’

‘ఆగండాగండి. శంకరాభరణం హాల్లోకొచ్చింది 1980 ఫిబ్రవరి 2న. అది మీ ఖాతాలో ఎలా పడుతుంది?’

‘జాతీయ అవార్డు 1979 సంవత్సరానికి ఇచ్చారు కదండీ!’

నిజమే. ఆ ఏడాది అవార్డుల్లో శంకరాభరణానికి స్వర్ణకమలం వచ్చింది. మహదేవన్‌కి, బాలసుబ్రహ్మణ్యానికి, వాణీజయరాంకి కూడా ఆ సినిమాకే వచ్చాయి. సెన్సారు సర్టిఫికెట్టు ప్రకారం డెబ్భైలది, టికెట్టు ప్రకారం ఎనభైలది. పదేళ్ల చొప్పున గట్లు వేసి సినిమాలను పంచుకుంటే ఇలాగే గట్టు మీద చెట్టు తగాదా వస్తుంది. మరి అరవైలని ఎవరికిద్దాం? 1962లో గుండమ్మకథ, మరుసటేడు లవకుశ, నర్తనశాల. లవకుశ మొదలైంది 1958లో. పుల్లయ్యగారు మొదలుపెడితే కొడుకు సి.ఎస్.రావు పూర్తిచేసి 1963లో విడుదల చేశారు. తెలుగులో పూర్తినిడివి రంగుల సినిమా అదే మొదటిది. ఇద్దరు బావగార్లలో ఎవరూ ఆ పదేళ్ల పక్షాన లేరు కాబట్టి వాటికి వకీలు దొరకలేదు.

ఊళ్ల గొప్పలూ మధ్యలో వచ్చి చేరాయి. ఎన్టీఆర్, ఏఎన్నార్, ఘంటసాల ముగ్గురూ గుడివాడ చుట్టుపక్కల డెల్టా వాళ్లే. మెట్టకు దక్కిందేమిటని బాధపడే నందిగామాయన శోభన్‌బాబుది తమ ఊరేనంటారు. ‘అది మైలవరం దగ్గర చిననందిగామ’ అని పేటాయన ప్రతిసారీ సరిదిద్దుతారు. పోనీ పేటకైనా ఎవరున్నారు? నటుడు జగ్గయ్యది తెనాలి దగ్గర మోరంపూడి. పేట పేరేమో వాసిరెడ్డి వెంకటాద్రి నాయుడి తండ్రిది. ఇన్నేళ్లకు 2022లో ఈ మెట్ట ప్రాంతమంతా ఎన్టీఆర్ జిల్లా అయింది. ఆయన పుట్టిన నిమ్మకూరు మాత్రం కృష్ణా జిల్లాలోనే మిగిలిపోయింది.

మనవరాలికి విసుగొచ్చింది. ‘తాతయ్యా, 1951కి ముందు సినిమాలే లేవా?’ అంది. ఉన్నాయి. 1938లో మాలపిల్ల, 1939లో రైతుబిడ్డ. జమీందార్లకు కోపమొచ్చి రైతుబిడ్డ మీద నిషేధం పడేదాకా వెళ్లింది. అంత గట్టిగా మాట్లాడిన సినిమాను స్వర్ణయుగం లెక్కలో ఎవరూ తలవరు. 1932 నాటి భక్తప్రహ్లాద ప్రింటే దొరకదు. చూడని సినిమాకి ఎవరు ఓటేస్తారు? దొరికిన వాటిలోనూ మనం మంచివే గుర్తుంచుకుంటాం. యాభైల్లో వచ్చిన తెలుగు సినిమాలు రెండు వందలకు పైనే. పేటాయన ఎంత గుక్క తిప్పుకోకుండా చెప్పినా పాతిక దాటవు.

‘ఇంతకీ నానమ్మని అడిగారా?’

ఇద్దరు బావగార్లూ ఒకరి ముఖం ఒకరు చూసుకున్నారు. నందిగామాయనే తేరుకుని, ‘అవును, అక్కయ్యగారూ, మీరు చెప్పండి’ అన్నారు.

‘మిస్సమ్మ పెట్టవే’ అందావిడ.

యాభైలు గెలిచాయని పేటాయన మీసం మీద చెయ్యేశారు. ఆవిడ ఆయన వైపు చూడలేదు. మనవరాలికి చెప్పుకుపోయింది. ఆ సినిమా వచ్చినప్పుడు తనకు ఐదేళ్లు. చూసింది మాత్రం పదిహేనో ఏట, టూరింగ్ టాకీస్‌లో, ఆడవాళ్ల వైపు ఇసుకలో కూర్చుని. అప్పు తీర్చడానికి సావిత్రి ఊరు కాని ఊరొచ్చి బళ్లో ఉద్యోగం చేస్తుంది. ఎవరికీ తలొంచదు, నచ్చకపోతే ముఖమ్మీదే చెబుతుంది. ముందు ఆ వేషం భానుమతిదని తర్వాతెప్పుడో తెలిసింది. ఆ రాత్రి మాత్రం, తానూ పంతులమ్మ కావాలనుకుంది. రెండేళ్లకు టీచర్ ట్రెయినింగుకి సీటు కూడా వచ్చింది. ‘మా నాన్న పంపలేదు. పంతులుగారి సంబంధం వచ్చింది కదా, ఇంక నీకెందుకన్నాడు.’

పేటాయన చెయ్యి మీసం మీంచి దిగింది. యాభై ఏళ్లు దాటిన కాపురంలో ఆ మాట ఆయన ఇప్పుడే విన్నారో, ఎప్పుడో విని మరిచారో, ముఖం చూసి చెప్పడం కష్టం. ‘సీటు ఎక్కడొచ్చింది?’ అని మాత్రం అడిగారు.

‘బెజవాడలో. కాయితం ఇంకా ఉంది, ట్రంకుపెట్టెలో.’

సినిమా మొదలైంది. నందిగామాయన గడియారం చూసుకుని కూడా లేవలేదు. ఆవిడ మంచం మీంచి కుర్చీలోకి మారి, కళ్లజోడు చెంగుతో తుడుచుకుని పెట్టుకుంది. సావిత్రి కనిపించగానే, ‘చీర అంచు కూడా తెలుస్తోందే’ అంది. పేటాయన లేచి ట్రంకుపెట్టె ఉన్న గదిలోకి వెళ్లారు. ఇంకాసేపటికి నందిగామ బస్సు కూడా వెళ్లిపోయింది.