ఎఫెసులో దేవమాత, రాజధానిలో బంగారం

క్రీ.శ. 431 జూన్ 22న ఎఫెసు నగరంలో అలెగ్జాండ్రియా బిషప్ సిరిల్ మహాసభను మొదలుపెట్టేశాడు. అంతియొకయ బిషప్ యోహాను బృందం ఇంకా దారిలోనే ఉంది. వాళ్లు వచ్చేదాకా ఆగాలని చక్రవర్తి ప్రతినిధి కాండిడియన్ పట్టుబట్టినా వినలేదు. ఆ ఒక్కరోజులోనే రాజధాని కాన్‌స్టాంటినోపుల్ ఆర్చిబిషప్ నెస్టోరియస్‌కు పదవి పోయింది. నాలుగు రోజుల తర్వాత చేరుకున్న యోహాను పోటీ సభ పెట్టి సిరిల్‌నే తొలగించాడు.

వివాదం మాత్రం నిజమైనదే. మరియను దేవమాత అనడం నెస్టోరియస్‌కు నచ్చలేదు. క్రీస్తుమాత అంటే చాలు, అనాది అయిన దైవత్వానికి పుట్టుకను అంటగట్టవద్దన్నాడు. పుట్టినవాడు, సిలువ మీద చనిపోయినవాడు సాక్షాత్తు దేవుడు కాకపోతే మనిషికి రక్షణ ఎక్కడిదని సిరిల్ నిలదీశాడు. ఇద్దరూ నమ్మే మాట్లాడారు. ఇదంతా మతం ముసుగులో జరిగిన రాజకీయమని తేల్చేయడం ఆ కాలపు మనుషులకు అన్యాయం చేయడమే.

అయితే ఆ ప్రశ్న అంతగా రగలడానికి నగరాల మధ్య పాత పగ ఉంది. కాన్‌స్టాంటినోపుల్ కొత్త రోమ్ కనుక గౌరవంలో రోమ్ తర్వాతి స్థానం దానిదేనని 381 నాటి మహాసభ నిర్ణయించింది. ఎంతో పాత పీఠమైన అలెగ్జాండ్రియా దీన్ని మింగలేకపోయింది. 403లోనే సిరిల్ మేనమామ థియోఫిలస్ రాజధాని బిషప్ జాన్ క్రిసోస్టమ్‌ను పదవి నుంచి దించాడు. నెస్టోరియస్ కూడా క్రిసోస్టమ్‌లాగే అంతియొకయ నుంచి వచ్చినవాడే.

చక్రవర్తి రెండో థియోడోసియస్ మొదట రెండు తొలగింపులనూ ఖాయం చేశాడు. అప్పుడు సిరిల్ మనుషులు ఆస్థానంలోని అధికారులకు కానుకలు పంచారు. బంగారం, తివాచీలు, ఏనుగుదంతపు కుర్చీలు ఎవరెవరికి వెళ్లాయో చెప్పే జాబితా నేటికీ ఉంది. చక్రవర్తి అక్క పుల్చేరియాకూ నెస్టోరియస్ అంటే గిట్టదు. చివరికి సిరిల్ తన పీఠానికి తిరిగి వెళ్లాడు. నెస్టోరియస్ కొన్నేళ్లకు ఈజిప్టుకు ప్రవాసం వెళ్లాడు.

449లో ఎఫెసులోనే జరిగిన మరో సభలో సిరిల్ వారసుడు డయోస్కోరస్‌ది పైచేయి. మరుసటి ఏడాది థియోడోసియస్ గుర్రం మీద నుంచి పడి చనిపోయాడు. పుల్చేరియా మార్సియన్‌ను పెళ్లాడి చక్రవర్తిని చేసింది. అంతే, 451లో చాల్సెడాన్ మహాసభ డయోస్కోరస్‌ను దించి, క్రీస్తు రెండు స్వభావాల్లో ఉన్న ఒకే వ్యక్తి అని ప్రకటించింది. రాజధాని పీఠం హోదాను మరింత పెంచిందీ ఆ సభే. సిద్ధాంతానికి తన లేఖతో ఊతమిచ్చిన పోప్ లియో ఆ హోదాను మాత్రం తిరస్కరించాడు. సిద్ధాంతం రాజశాసనం కావడమే అసలు నష్టమని నా అభిప్రాయం. బిషప్పులు మాటలు సవరించుకుని రాజీపడగలరు, 433లో సిరిల్, యోహాను అలాగే రాజీపడ్డారు. శాసనాన్ని కాదన్నవాడు మాత్రం రాజద్రోహి అవుతాడు. ఈజిప్టులో చాల్సెడాన్ పక్షపు బిషప్ ప్రోటీరియస్‌ను 457లో జనం చంపేశారు.

ఆ చీలికలు మన దేశంలోనూ ఉన్నాయి. కేరళలోని మలంకర ఆర్థడాక్స్ సంఘం చాల్సెడాన్‌ను ఒప్పుకోదు. త్రిస్సూర్‌లోని కల్దాయ సిరియన్ సంఘం నెస్టోరియస్‌ను గౌరవించే తూర్పు సంఘానికి చెందింది. క్రీస్తు గురించి తమ విశ్వాసం ఒక్కటేనని 1973లో ఈజిప్టు కాప్టిక్ సంఘంతో, 1994లో తూర్పు సంఘంతో రోమ్ ఉమ్మడి ప్రకటనలు చేసింది. సంఘాలు మాత్రం నేటికీ విడివిడిగానే ఉన్నాయి.