అడవి పిల్లలకు అడవి నవల

భద్రాచలం చుట్టుపక్కల ఆశ్రమ పాఠశాలల్లో ఎనిమిదో, తొమ్మిదో చదివే పిల్లలకు ఏ నవల ఇవ్వాలి? ముందుగా బిభూతిభూషణ్ బంద్యోపాధ్యాయ 'వనవాసి' ఇవ్వండి. సూరంపూడి సీతారాం తెనిగించారు. అడవి భూములు కౌలుకిచ్చే ఉద్యోగానికి వెళ్లినవాడు ఆ అడవినే ప్రేమిస్తాడు, తన చేతులతోనే దాన్ని మాయం చేస్తాడు. ఇంట్లో పోడు భూముల గొడవలు వినే పిల్లకు ఇది విడమరిచి చెప్పనక్కర్లేదు. నడక నెమ్మది, నిజమే. మొదటి నాలుగు పేజీలు టీచరే చదివి వినిపించాలి. ఆ తర్వాత అల్లం రాజయ్య, సాహు రాసిన 'కొమురం భీం'. 1940లో జోడేఘాట్‌లో నేలకొరిగిన గోండు వీరుడు ఇక్కడి కోయ పిల్లలకు పరాయివాడు కాడు. నీతికథల సంపుటాలు ఇక చాలు. బడిలో పుస్తకాల బీరువా తాళం తీయండి. పుస్తకాలు ఇంటికి తీసుకెళ్లనివ్వండి, చిరిగినా సరే.