అలసందయా, జొన్నయా?

వాన తప్పిన వారములలో మన అనంతపురము వేరుసెనగచేలకు పేనుబంక పట్టుట రైతుబిడ్డలందఱు నెఱిగినదే. దానిని చంపు కందిరీగ యొకటి కలదు. చీమతలకన్న పెద్దది కాదు. అది పేనుబంక దేహమున గ్రుడ్డు పెట్టును. లోని పిల్ల తినివేయగా పురుగు ఉబ్బి, గింజవలె గట్టిపడును. కొన్నాళ్లకు క్రొత్త కందిరీగ గుండ్రని రంధ్రము చేసికొని వెలువడును. (సొలొమోను మెచ్చిన చీమ యిచ్చట శత్రుపక్షమే, తేనెబంకకై పేనుబంకకు కాపు కాయును.)

ఈ కందిరీగలను పెంచుటకు పేనుబంక గల మొక్క కావలెను. సులభమని పలువురు అలసందను కోరుదురు. నేనొప్పుకొనను. అలసందను పీల్చు నల్ల పేనుబంకయే వేరుసెనగను కూడ పీల్చును. ఆ కుండీని చేనిగట్టున నుంచుట దొంగచేతికి తాళము లిచ్చుటయే.

గట్టునకు జొన్న తగినది. జొన్నయాకులపై పెరుగు పేనుబంక వేరుసెనగను ముట్టదు. జొన్న నీటియెద్దడికి నోర్చును. ఐరోపా గాజుగృహములలో దోసపాదుల నడుమ బార్లీ కుండీల నుంచుట యీ యుపాయమే. అయితే రెండు జాతులలోను గ్రుడ్డు పెట్టు కందిరీగయే కావలెను, అన్నియు పెట్టవు. కావున విద్యార్థులు ముందుగా పేనుబంక పట్టిన వేరుసెనగకొమ్మను గాజుబుడ్డిలో నుంచి, జొన్నపై పుట్టిన కందిరీగలను విడిచి, మూతికి పలుచని గుడ్డ కట్టి, రెండు వారములు చూడవలెను. గట్టిపడిన గింజలు కనబడనిచో ఆ జొన్న పశువులమేతకే.