"నీకేమీ లేదు" అనకండి



మా ఓ.పి.లో తరచుగా వినిపించే మాట ఒకటుంది. "ఇ.సి.జి. బాగుంది, రక్త పరీక్షలు బాగున్నాయి, థైరాయిడ్ కూడా లేదు. నీకేమీ లేదమ్మా, వెళ్ళిరా." ఎన్నో ఏళ్ళు నేనూ ఈ మాట చెప్పాను. మంచి వార్త చెబుతున్నాననుకునేదాన్ని.

ఒకసారి, భర్త పోయిన ఏడాదికి, ఒకామె వచ్చింది. గుండె దడ, మెడ పట్టేయడం, అర్ధరాత్రి మెలకువ. అంతకుముందు మూడుసార్లు వచ్చి, ప్రతిసారీ గ్లూకోజు పెట్టించుకుని వెళ్ళింది. "ఏమీ లేదమ్మా" అనగానే ఆమె, "ఏమీ లేకపోతే ఈ దడ ఎక్కడిది సిస్టర్?" అని అడిగింది. నా దగ్గర జవాబు లేదు.

జవాబు వైద్యశాస్త్రంలో ఉంది. ప్రమాదం ఎదురైతే శరీరం పోరాడటానికో, పారిపోవడానికో సిద్ధమవుతుందని వాల్టర్ కానన్ అనే శాస్త్రవేత్త 1915లోనే వివరించాడు. అడ్రినలిన్ విడుదలై గుండె వేగంగా కొట్టుకుంటుంది, కండరాలు బిగుస్తాయి, జీర్ణక్రియ మందగిస్తుంది. ప్రమాదం దాటాక ఇవన్నీ సర్దుకోవాలి. అయితే ప్రమాదం, హింస, ఆప్తుల మరణం, అప్పుల బాధ వంటివి ఎదురైన కొందరిలో అవి పూర్తిగా సర్దుకోవు. దడ నిజమే. అది నటన కాదు, నరాల బలహీనతా కాదు.

అందుకే ఇటువంటి వారికి ఒంటిని కూడా లెక్కలోకి తీసుకునే కౌన్సెలింగ్ అందాలని నా అభిప్రాయం. ఇందులో కౌన్సెలర్ "ఏం జరిగింది?" అని మాత్రమే అడగరు. "ఇది చెబుతుంటే ఒంట్లో ఎక్కడ ఏమనిపిస్తోంది?" అని కూడా అడుగుతారు. గొంతు పట్టేసినట్టుంటే అక్కడ ఆగుతారు. పాదాలు నేలకు ఆనించి, ఊపిరి మెల్లగా, పొడవుగా వదలమంటారు. ఊపిరి వదిలేటప్పుడు వేగస్ నాడి ద్వారా గుండె వేగం కాస్త తగ్గుతుంది. కుదుటపడ్డాక మళ్ళీ కొంచెం మాట్లాడతారు. బాధనంతా ఒక్కసారే తవ్విపోయరు. అమెరికాకు చెందిన పీటర్ లెవీన్ 1997లో వెలువడిన "వేకింగ్ ద టైగర్" పుస్తకంలో ఇటువంటి పద్ధతినే వివరించాడు.

నిజం కూడా చెప్పుకోవాలి. ఈ పద్ధతులపై జరిగిన పరిశోధనలు ఇంకా తక్కువే. తీవ్రమైన మానసిక గాయం తర్వాత వచ్చే జబ్బుకు ప్రపంచ ఆరోగ్య సంస్థ 2013లో సిఫారసు చేసినవి ఆ గాయంపై దృష్టి పెట్టే సి.బి.టి., ఇ.ఎం.డి.ఆర్. అనే చికిత్సలు. కాబట్టి దీన్ని సర్వరోగ నివారిణి అని ఎవరైనా చెబితే నమ్మకండి. వాడుతున్న మందులు సొంతంగా మానకండి. ఛాతీనొప్పి వస్తే ముందు గుండె పరీక్షే చేయించుకోవాలి. ఈ కౌన్సెలింగ్‌కు రోగిని తాకవలసిన అవసరం లేదు. తాకుతానంటే వద్దనే హక్కు రోగికుంది.

"మాట్లాడటానికి ఆసుపత్రికెందుకు, ఇంట్లో మేం లేమా?" అని కుటుంబసభ్యులు అడుగుతారు. ఇంటివారి ఓదార్పు అవసరమే. కాని ఇంట్లో మనం చేసేదేమిటి? "ఏడవకు, మరిచిపో" అంటాం. ఏడుపు మన ముందు మానేస్తారు, బిగుతు మెడలో మిగిలిపోతుంది. శిక్షణ పొందిన మనిషి తొందరపెట్టకుండా వింటారు.

మరో పొరపాటు, ఒక్కసారి వచ్చి తగ్గలేదని మానేయడం. విరిగిన చెయ్యి కట్టు విప్పాక ఎన్ని రోజులు ఫిజియోథెరపీ చేయిస్తాం? మనసుకు మాత్రం అరగంట చాలంటామా? వారానికొకసారి చొప్పున కొన్ని వారాలు, అవసరమైతే కొన్ని నెలలు రావాలి. మిషన్ ఆసుపత్రులు కూడా బి.పి., షుగరు క్లినిక్కులకు రోజులు కేటాయించినట్టే దీనికీ ఒక రోజు, తలుపు వేసుకోగల ఒక గది కేటాయించాలి. బస్సు ఛార్జీలు పెట్టుకుని వచ్చే పేదవారికి ఫీజు భారం కాకూడదు.

దగ్గరలో కౌన్సెలర్ లేకపోతే, 2022లో ప్రారంభమైన టెలీ మానస్ నంబరు 14416కు ఉచితంగా ఫోన్ చేసి తెలుగులో మాట్లాడవచ్చు. చనిపోవాలనే ఆలోచనలు వస్తుంటే ఆలస్యం చేయకుండా వెంటనే డాక్టరు దగ్గరకు తీసుకెళ్ళండి.

ఇప్పుడు రిపోర్టులు బాగుంటే నేను ఇలా చెబుతున్నాను: "గుండెకు జబ్బు లేదమ్మా. కాని నీ బాధ నిజమే. కూర్చో, ఎప్పటి నుంచో చెప్పు."